మిరియం వెనక్కి చూసిన పరుగు

అనగనగా, సముద్రం నడుమ జమైకా అనే దీవిలో ఒక కొండ అడవి. ఆ అడవిలో జంతువులకి పరుగంటే ప్రాణం. అందరిలోకీ గట్టిది మిరియం అనే ముంగిస. పిడికెడు ఒళ్లు, ఎక్కడలేని పొగరు. ఒంటరి పందెంలో మూడేళ్లుగా దాన్ని ఓడించినవాళ్లు లేరు.

కానీ ఎండలు ముదిరే ముందు ఇంకో పందెం ఉండేది. అది నలుగురి పరుగు. కొండకి ఇవతలి వాలు వాళ్లు నలుగురు, అవతలి వాలు వాళ్లు నలుగురు. జానెడు చెరకు ముక్క ఒకరి నుంచి ఒకరికి అందాలి. గెలిచినవాళ్లకి వానలు పడేదాకా కొండ ఊట నీళ్లు ముందు దక్కుతాయి. ఓడినవాళ్లకి అడుగున మిగిలిన బురద నీళ్లే.

చెరకు అందుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అందుకునేవాళ్లు ముందుకి పరుగెడుతూనే తోక వెనక్కి చాపాలి. తెచ్చేవాళ్లు నోట్లోని చెరకు ఆ తోకలో పెట్టాలి. అందుకున్నవాళ్లు దాన్ని తోకతో చుట్టి పట్టుకుని, నోట్లోకి మార్చుకుని పరుగెత్తాలి. మరి నోట్లో చెరకు ఉంటే పిలవడం ఎలా? అందుకని దగ్గరికి రాగానే "ఊఁ" అంటారు. మీరు కథకి ఊఁ కొట్టడం లేదూ, అలాగే. అది వినపడిందా, తోక చాపాలి. వెనక్కి మాత్రం చూడకూడదు.

ఇవతలి వాలు తరఫున మూడో పరుగు బరువయ్యది. చెరకు బళ్లు లాగి లాగి ముసలైపోయిన గాడిద ఆయన. ఆఖరి పరుగు మిరియానిది.

"అమ్మాయ్, పొద్దున్నే ఓసారి వస్తావా? అందుకోవడం అలవాటు చేసుకుందాం," అని బరువయ్య పిలిచాడు.

మొదటిసారి నిద్ర వస్తోందంది మిరియం. రెండోసారి ఎండగా ఉందంది. మూడోసారి అసలు మాట బయటపడింది. "పందెం గెలిచేది కాళ్లు మామా, తోక కాదు. నువ్వు ఎలాగోలా నాదాకా వచ్చెయ్యి. మిగతాది నేను చూసుకుంటా."

బరువయ్య చెవులు వాల్చుకుని వెళ్లిపోయాడు.

పందెం రోజు బరువయ్య రొప్పుతూనే అవతలివాళ్ల కన్నా ముందు వచ్చాడు. పాపం, ఆ ముసలి కాళ్లు ఎంత కష్టపడ్డాయో. మిరియం పరుగు మొదలుపెట్టింది. వెనక "ఊఁ" వినపడింది. తోక చాపితే సరిపోయేది. కానీ దానికి అనుమానం. ఈ ముసలాయన నిజంగా దగ్గరికి వచ్చాడా అని మెడ తిప్పి చూసింది. మెడతోపాటు ఒళ్లు తిరిగింది, ఒంటితోపాటు తోకా తిరిగింది. చెరకు నేలపాలైంది. అది వెతికి తీసుకునేలోపు అవతలివాళ్లు గీత దాటేశారు.

ఆ ఎండల్లో ఇవతలి వాలు వాళ్లు ఇసక ఉమ్ముకుంటూ నీళ్లు తాగారు. చంటిపిల్లలు దాహానికి ఏడుస్తుంటే మిరియానికి తిండి సయించలేదు. అయినా ఎవరూ దాన్ని పల్లెత్తు మాట అనలేదు. ఎందుకంటే బరువయ్య అందరితోనూ, "చెరకు నా నోట్లోంచే జారింది," అని చెప్పాడు.

మిరియం ఆయన దగ్గరికి వెళ్లింది. "తప్పు నాదైతే నీ మీద వేసుకున్నావేం మామా?"

"నా పరుగులు అయిపోవచ్చాయి తల్లీ. నీవి ఇంకా బోలెడున్నాయి. అందరూ నిన్ను వేలెత్తి చూపిస్తే, రేపు నీతో కలిసి ఎవరు పరుగెడతారు?"

మిరియానికి ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం ఊట దగ్గర అందరూ ఉండగా, "తప్పు మామది కాదు. నేనే వెనక్కి చూశాను," అని చెప్పేసింది. మర్నాటి నుంచి రోజూ తనే వెళ్లి బరువయ్యని లేపేది.

"నాకు నిద్ర వస్తోందమ్మాయ్," అని ఆయన ఆటపట్టించేవాడు.

మరుసటి ఏడు బరువయ్య "ఊఁ" అన్నాడు. మిరియం చూడకుండానే తోక చాపింది. పిల్లలు కడుపు నిండా మంచినీళ్లు తాగారు.

ఏళ్లు గడిచాయి. మిరియానికీ కాళ్లనొప్పులు వచ్చాయి. ఒంటరి పందేలు మానేసి, నలుగురి పరుగులో మూడో చోటుకి మారింది. ఆఖరి పరుగు ఒక పడుచు పిల్లిది. ఆ ఏడు మిరియం ఆయాసపడుతూ పిల్లి వెనక్కి చేరింది. పిల్లి మెడ కొంచెం కదిలింది. మిరియం ఉన్న ఊపిరంతా పెట్టి "ఊఁ" అంది.

పిల్లి చూడలేదు. తోక చాపింది.

గట్టు మీద బరువయ్య కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఆయనకి చూపు పోయింది. ఆ "ఊఁ" తర్వాత చెరకు కింద పడ్డ చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. చప్పుడు రాలేదు. లేచి ఒళ్లు దులుపుకున్నాడు.

"అప్పుడే లేచావేం తాతా? పందెం ఇంకా అవలేదు," అన్నారు పక్కవాళ్లు.

"నాకు చూడక్కర్లేదర్రా," అన్నాడు బరువయ్య. "పదండి, ఊట దగ్గరికి."

నీతి: వెనకున్నవాళ్లని నమ్మితేనే ముందుకి పరుగెత్తగలం.