చెలమ దగ్గర వరస

అనగా అనగా, మబ్బులు దారి మరచిపోయిన ఒక సీమలో, ఇసుక వంక ఒడ్డున గువ్వలదొడ్డి అనే ఊరుండేది. వంక పేరుకే వంక. ఏడాదికి నాలుగు రోజులు పారేది. తక్కిన రోజులన్నీ ఎవరో వెండి చీర ఆరేసి మరచిపోయినట్టు తెల్లగా మెరుస్తూ పడుకునేది.

ఆ ఇసుకలో ఊరివాళ్ళు గుంట తవ్వుకున్నారు. దాన్ని చెలమ అంటారు. అందులో నీరు మెల్లగా ఊరుతుంది. చిప్పతో తోడి ఒకరు కడవ నింపుకుంటే, మళ్ళీ ఊరి తేటపడేదాకా తరువాతివారు ఆగాలి. చెలమ దగ్గర రాజుకైనా వరసే. అది ఆ ఊరి కట్టు. ఆ వరసను చూసుకునే పడుచు పేరు ఓబులి.

ఆ ఏడు ఊట సన్నగిల్లింది. సగం ఇళ్ళవాళ్ళు మూటలు కట్టుకున్నారు.

"ఇంకొక్క వేసవి ఇట్లాగే పోతే ఊరు ఖాళీ" అన్నారు పెద్దలు.

ఓబులికి మాత్రం మూట కట్టడానికి చేయి రాలేదు. పాదాల కింద చక్కిలిగిలి పెట్టే ఈ ఇసుకను విడిచి ఎక్కడికని పోవాలి?

సరిగ్గా అప్పుడే దండోరా వినబడింది.

"ఊళ్ళ బాగుకోసం రాజుగారు కానుక ఇస్తున్నారహో! పనిచేసేవారికి తిండిగింజలు, పనిముట్లు, బండ్లకొద్దీ వస్తాయహో! ఆ కానుకతో పని నడిపించడానికి ప్రతి ఊరూ ఒక సలహాదారును పెట్టుకోవాలహో! ఊరివారు ఎవరి కాగితం మీద వేలిముద్ర వేస్తే వారే సలహాదారు!"

ఓబులికి చదువు రాదు. కానీ విన్న మాట ఒక్కటీ పొల్లుపోనివ్వదు.

మూడోనాడు బండ్లు వచ్చాయి. ముందు గుర్రం మీద రాజోద్యోగి భుజంగరాయుడు, వెనుక పల్లకిలో ఆయన బావమరిది విలాసరాయుడు.

"వీరే మీ సలహాదారు. ఊరి ముందు రాజుగారి పేరిట పాలరాతి తోరణం కట్టిస్తారు. వేలిముద్రలు వేయండి" అన్నాడు భుజంగరాయుడు.

"తోరణం తాగితే దప్పిక తీరుతుందా సామీ?" అంది ఓబులి. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "ముందు అయ్యగారిని మా చెలమ నుంచి ఒక్క కడవ తెమ్మనండి. అప్పుడు చూద్దాం."

విలాసరాయుడు పల్లకి దిగలేదు. కడవ ఇచ్చి బోయీని పంపాడు.

"బోయీకి వేలిముద్ర వేయమంటారా?" అంది ఓబులి. ఊరంతా తల అడ్డంగా ఊపింది.

భుజంగరాయుడు పళ్ళు నూరుకుని, వెంట తెచ్చిన రెండోవాణ్ణి బండిలోంచి దించాడు. అతడు మేధానిధి. సంచి నిండా కొలకర్రలు, నోటి నిండా లెక్కలు. చెలమ దగ్గరికి తానే నడిచి వెళ్ళాడు, పాపం, అంతవరకూ మంచివాడే. కానీ వరసలో పదకొండుమంది ఉన్నారు.

"ఇంతసేపా! లోతు చేస్తే సరిపోదూ?" అని గునపం ఎత్తి పొడిచాడు. ఇసుక గోడలు కూలాయి. చెలమ పూడిపోయింది.

ఒక ముసలమ్మ ఖాళీ కడవ పక్కన చతికిలబడింది. "నా వంతు వచ్చింది నాయనా, అప్పుడే వచ్చింది" అంది. ఆ మాటతో రెండోవాడి పనీ తీరిపోయింది.

భుజంగరాయుడికి కోపం నషాళానికి అంటింది.

"మీకు సలహాదారులను పరీక్షించే పొగరా? నా బావమరిది కాగితం మీద ముద్రలు వేస్తారా, బండ్లు వెనక్కి తిప్పమంటారా?"

పెద్దలు తడబడ్డారు. ఒకాయన సిరాకేసి చేయి చాచాడు కూడా.

ఓబులి బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. చేయి పైకెత్తింది.

"నాది వేయను."

ముసలమ్మ పిడికిలి లేచింది. చాచిన పెద్దాయన చేయి ముడుచుకుంది. చూస్తుండగానే ఊరంతా పిడికిళ్ళే. వంక ఒడ్డున మొగ్గల వనం లేచినట్టుంది.

"తిప్పండి బండ్లు!" అని అరిచాడు భుజంగరాయుడు.

బండ్లు కదలలేదు. ఆడవాళ్ళు తమ ఖాళీ కడవలను బాటకు అడ్డంగా వరుసగా పేర్చారు. ఎద్దులు కడవలను వాసన చూసి ఆగిపోయాయి.

"దండోరా మేమూ విన్నాం సామీ" అంది ఓబులి. ప్రతి మాటా పొల్లుపోకుండా అప్పజెప్పింది. "ముద్ర ఊరిది. ఎంచుకునేదీ ఊరే. కాదంటే రాజుగారి మాటే అబద్ధమని అందరి ముందూ చెప్పండి."

రాజుమాట అబద్ధమని అనే ధైర్యం ఎవరికుంటుంది? భుజంగరాయుడు కాడి దింపమని బండ్లవాళ్ళకు సైగ చేశాడు.

అప్పుడు చెలమ వైపునుంచి ఒక గొంతు వినిపించింది.

"అమ్మీ, నా ముందు ఎవరైనా ఉన్నారా? నా వంతు వచ్చినట్టే ఉందే."

అందరూ తిరిగి చూశారు. మోకాళ్ళదాకా దుమ్ముతో, నెరిసిన తలతో ఒకావిడ. పక్కన గాడిద. పేరు తిమ్మసాని. పదూళ్ళ చెరువుకట్టలు కట్టించిన మనిషి, దండోరా విని నడిచి వచ్చింది. ఇక్కడ గొడవ నడుస్తున్నంతసేపూ పూడిన చెలమను చేత్తో తవ్వి, ఊరేదాకా కూర్చుంది.

కడవ నింపి ముసలమ్మకిచ్చింది. "నీ వంతు చెడిందంట కదా అవ్వా. తీసుకో."

తరువాత ఓబులిని అడిగింది. "ఊట పడమటి నల్లరాయి వైపునుంచి వస్తున్నట్టుందే?"

"అవునక్కా! మండుటెండలోనూ అక్కడి ఇసుక చల్లగా ఉంటుంది. ఇసుక కింద బంకమట్టితో అడ్డుగోడ కడితే నీళ్ళు జారిపోవని మా అవ్వ చెప్పేది. ఎవరూ అడగలేదు."

"నేను అడిగాను కదా. మీ అవ్వ మాటే కాగితం మీద రాస్తాను. చేతులు మీవి, గింజలు రాజుగారివి. మీరు తినే సంగటే నాకూ పెట్టండి."

ఊరి పిడికిళ్ళు ఒక్కటొక్కటే విచ్చుకున్నాయి.

వానలకు ముందే గోడ లేచింది. మరుసటి వేసవికి చెలమ అంచుదాకా నిండి, ఆకాశాన్ని ఒళ్ళో పెట్టుకుని తళతళలాడింది. మూటలు విప్పేశారు.

ఒక మధ్యాహ్నం భుజంగరాయుడు ఆ దారిన పోతూ, నాలుక పిడచకట్టి గుర్రం దిగాడు. "నీళ్ళు!" అన్నాడు.

"నీళ్ళకేం సామీ, కావలసినన్ని. అదిగో, ఆ గొర్రెలకాపరి వెనక నిలబడండి" అంది ఓబులి.

ఆయన నిలబడ్డాడు.

మేలు చేస్తామని వచ్చినవారు మనతో వరసలో నిలబడతారో లేదో ముందు చూడాలి. నిలబడనివారు ఎంతటివారైనా, పిడికిలి విప్పకూడదు.