తెలివేల వారి ముష్టివీరులు

కంకరపాలెం పాత బస్టాండు వెనక తెలివేల వారి అచ్చాఫీసు ఉంది. తెలివి వేలల్లో ఉంది కనకే మాకా ఇంటిపేరు వచ్చిందని రామబ్రహ్మం కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ పేరును మధ్యలో విరిచి 'తెలివి ఏల?' అని చదువుకునేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ, ఆ సంగతి ఆయన చెవిదాకా రాలేదు. వచ్చినా, ప్రశ్న బాగుందనే అనేవాడు.

ఆ ఇంట్లో రామబ్రహ్మం, ఆయన భార్య సూరీడమ్మ, కొడుకు వామనమూర్తి, కూతురు ఇందుమతి. నలుగురిలోకీ ఇందుమతి తెలివి ఒక మెట్టు పైన. ఆమె బోర్డులు రాస్తుంది, బొమ్మలేస్తుంది. ఒకసారి ప్లీడరుగారు గేటు మీద 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని రాయమంటే, లేని కుక్కను ఉన్నదని ఎలా రాస్తానని ఆయన్నే నిలదీసింది. కుక్కను కొనిపించింది. అది ప్లీడరుగారి పిక్క పట్టుకుని, 'జాగ్రత్త' కూడా నిజమేనని తేలాక గానీ కుంచె రంగులో ముంచలేదు.

కానీ గేట్లు రాస్తే తృప్తి ఎక్కడిది? అట్ట మీద తన పేరున్న పుస్తకం ఒక్కటైనా చూసుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది.

అలాంటి రోజుల్లో పట్నం నుంచి విఠల్రావుగారు దిగారు. పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తారాయన. కుర్రకారు ఫోన్లలో ఆడే కొట్లాట ఆట ఒకటి ఉందట. ఇద్దరు వీరులు తన్నుకుంటారట. దెబ్బ తగిలినప్పుడల్లా నెత్తిమీద ప్రాణం గీత తరుగుతుందట, గీత అయిపోతే మనిషి అయిపోయినట్టేనట. ఆ ఆటను పన్నెండు బొమ్మల పుస్తకాలుగా తెలుగులో తెస్తున్నానని, పేరు 'ముష్టివీరులు' అని చెప్పారు. మొదటిది జనానికి నచ్చితే మిగతా పదకొండూ నీవే, అట్ట మీద నీ పేరే అన్నారు. నచ్చకపోతే పట్నంలో ఇంకొకర్ని చూసుకుంటానని కూడా అన్నారు.

ఆయన బస్సెక్కగానే ఇంట్లో చర్చ మొదలైంది. ముష్టివాళ్ళకు కొట్లాటెందుకని సూరీడమ్మ అడిగింది. అన్నం కోసమే అయుంటుందని రామబ్రహ్మం. వాళ్ళల్లో వీరులుంటారా అని వామనమూర్తి. ఉండబట్టే పుస్తకం వేస్తున్నారని ఇందుమతి తేల్చేసింది.

అంతే. పేజీల నిండా జోలెలు, సత్తు బొచ్చెలు, చిరుగుల చొక్కాలు. మొదటి వీరుడు బొచ్చె విసిరితే అది రెండోవాడి నెత్తిన మోగి, దారిలో ఎవరింట్లోనో పప్పు కూడా పోయించుకుని తిరిగొస్తుంది. రెండోవాడు 'అమ్మా, తల్లీ' అని అరిస్తే ఇళ్ళ పెంకులు లేస్తాయి. ప్రాణం గీతను మాత్రం నెత్తిమీద కాకుండా పొట్టమీద గీసింది. ముష్టివాడి ప్రాణం ఉండేది అక్కడే కదా.

ఇంతలో విఠల్రావుగారు ఫోన్ చేసి, అట్ట మీద వీరుడు కొట్టొచ్చినట్టు కనపడాలని చెప్పారు.

ఇంకేముంది. కొట్టి వచ్చినవాడు ఎలా ఉంటాడో చూడకుండా వెయ్యడమెలా? ఎవర్నో ఒకర్ని కొట్టి రమ్మని వామనమూర్తిని తోలారు. అతను రైసుమిల్లు హమాలీ దగ్గరికి వెళ్ళి, విషయం విడమరిచి చెప్పి, ఒక్కటంటే ఒక్కటి కొట్టి పోతానని మర్యాదగా అడిగాడు. గంటలో బుగ్గ పూరీలా పొంగించుకుని తిరిగొచ్చాడు.

ఇందుమతి అతని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "అన్నయ్యా, కొట్టొచ్చావా, కొట్టించుకొచ్చావా?"

"వాడే కొట్టాడే. నా వంతు వచ్చేసరికి వాడికి పనుందట."

"ఆయన అడిగింది అది కాదు. మళ్ళీ వెళ్ళు."

రెండోసారి రెండో బుగ్గ పొంగింది. మూడోసారి వామనమూర్తి తెలివి వాడి, వీధి చివరి గోడను కొట్టి వచ్చాడు. చెయ్యి వాచింది. అయితేనేం, కొట్టొచ్చాడు. రెండు బుగ్గలూ ఒక చెయ్యీ వాచిన వీరుడు అట్ట మీదికెక్కాడు.

పుస్తకాలు కుడుతుండగా మళ్ళీ ఫోను. చేతిలోకి తీసుకున్నవాడు కింద పెట్టలేకుండా ఉండాలి సుమా, అన్నారాయన. సూరీడమ్మ వెంటనే మైదా జిగురు కాచింది. అది ఆరితే పట్టు వదులుతుంది, జనం కింద పెట్టేస్తారని ఇందుమతి అభ్యంతరం. అప్పుడు రామబ్రహ్మానికి పనసబంక తట్టింది. అంతే, నలుగురూ చేతులకు నూనె రాసుకుని అట్టలన్నిటికీ బంక పూసి, మధ్యమధ్య అరిటాకులు పెట్టి కట్టలు కట్టారు.

రేపు పొద్దున్నే మార్కెట్లోకి వదిలెయ్యండని చివరి ఫోను. తెల్లారగానే కట్టలన్నీ రిక్షాలో వేసుకెళ్ళి, కూరగాయల మార్కెట్లో వంకాయల పక్కన విప్పి, వదిలేసి వచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే వదిలేసినట్టు కాదని ఇందుమతి ఎవర్నీ తల తిప్పనివ్వలేదు.

గంటలో మార్కెట్టంతా గోల. పుస్తకం పట్టిన చెయ్యి పట్టినట్టే ఉండిపోయింది. దోసకాయలావిడ పుస్తకంతో సహా తూకం వేసింది. విదిలించారు, కడిగారు, ఊడలేదు. ఊడనిదాన్ని ఏం చేస్తారు, చదివారు. చదివి పడీపడీ నవ్వారు.

మొదటి బస్సుకే దిగిన విఠల్రావుగారు మార్కెట్లో ఒక పుస్తకం తీసి చూసి, అక్కణ్ణించి నేరుగా అచ్చాఫీసుకు వచ్చారు. కుడిచేతికి పుస్తకం అంటుకునే ఉంది.

"ముష్టి అంటే పిడికిలమ్మా, పిడికిలి. అడుక్కునేవాళ్ళని నీకెవరు చెప్పారు? ఇక నీ పేరు అట్ట మీద ఉండదు."

ఇందుమతి కళ్ళు చెమర్చాయి గానీ గొంతు తగ్గలేదు. "ముష్టి అన్నారా, లేదా? కొట్టొచ్చినట్టు అన్నారా, లేదా? కింద పెట్టలేకుండా ఉండాలన్నారా, లేదా? ఏదీ, పెట్టి చూపించండి."

ఆయన చెయ్యి విదిలించారు. రాలేదు. ఇంకోసారి విదిలించారు. ఈలోగా మార్కెట్ జనం పుస్తకాల చేతులతో గుమ్మం ముందు మూగి, ఆ బొచ్చెవాడికి చివరికి అన్నం దొరికిందా లేదా, రెండో పుస్తకం ఎప్పుడు అని నిలదీశారు. విఠల్రావుగారు జనాన్ని చూశారు, చేతిని చూసుకున్నారు, మెత్తబడ్డారు.

"సరే, పదకొండూ నువ్వే వెయ్యి. పేరైతే వచ్చింది. ఆ వచ్చిన పేరు నిలబెట్టుకో, చాలు. నెల తిరిగేసరికి పుస్తకం నా చేతిలో ఉండాలి."

చేతిలో ఇప్పటికే ఉంది కదా అని వామనమూర్తి గుర్తు చేశాడు.

నెల తిరిగింది. విఠల్రావుగారు వచ్చేసరికి అచ్చాఫీసుకు తాళం. పెరట్లోకి వెళ్ళి చూస్తే నిలువెత్తు చెక్క అక్షరాలు. 'ఇం'ను రామబ్రహ్మం, 'దు'ను సూరీడమ్మ, 'మ'ను వామనమూర్తి వాటేసుకుని నిలబడ్డారు. 'తి' ఇందుమతి భుజానికి ఆని ఉంది. గాలి వీచినప్పుడల్లా నలుగురూ కలిసి ఊగుతున్నారు.

బొమ్మలేవమ్మా అని ఆయన అడిగారు.

"చెయ్యి ఖాళీ ఉంటే కదండీ. నెల రోజుల్నించీ పేరు నిలబెట్టుకుంటున్నాం. ఇంత కష్టమని మీరు ముందే చెప్పాల్సింది."

ఆ పక్కన బురదలో 'తెలివేల' నాలుగక్షరాలూ వెల్లకిలా పడి ఉన్నాయి. విఠల్రావుగారు వాటికేసి చూస్తుంటే రామబ్రహ్మానికి సిగ్గేసింది.

"తెలివి మొదటిరోజే పడిపోయిందండి," అన్నాడు, 'ఇం'ను గట్టిగా కావలించుకుని. "లేపుదామంటే ఇంట్లో ఇంకో మనిషి లేడు."