గుబురయ్య తోటలో రాళ్ళు

అనగనగా ఒక అడవి. ఆ ఏడు అక్కడ ఎండలు ఎంతగా మండాయంటే, ఇప్పచెట్ల కింద నీడ కూడా కాలేది. అంత ఎండలోనూ గుబురయ్య అనే ఎలుగుబంటి పెరట్లో తోట వేశాడు. వంగ, టమాటా, ఓ మూలన కొత్తిమీర. ఎందుకంత కష్టం? వాళ్ళ అత్తగారు వస్తోంది మరి!

"పోయినసారి మా అమ్మ వస్తే చెదపుట్ట చూపించి, తవ్వుకుని తినమన్నారు," అంది భార్య నల్లమ్మ. "ఈసారి విస్తట్లో పెరటి కూర లేకపోతే, అమ్మతో పాటు నేనూ పుట్టింటికి వెళ్ళిపోతాను. తర్వాత చెప్పలేదనకండి."

గుబురయ్య హడలిపోయాడు. నల్లమ్మంటే అతనికి ప్రాణం. పైగా వంట రాదు.

కంచె అవతల పేరిందేవి అనే ముళ్ళపంది తోట ఉంది. పందిరి నుంచి పొట్లకాయలు బారెడు పొడుగున వేలాడుతున్నాయి. ఒక్కో కాయ చివర ఒక చిన్న రాయి కట్టి ఉంది. గుబురయ్య కంచె మీద నుంచి తొంగి చూశాడు.

"ఏం అన్నయ్యా, తోట పని గురించి ఏమైనా అడగాలా?" అంది పేరిందేవి.

గుబురయ్యకు రోషం వచ్చింది. తన మోకాలి ఎత్తు కూడా లేని ముళ్ళపందిని తను అడగడమా!

"ఏం లేదు చెల్లెమ్మా, గాలి కోసం నిలబడ్డాను," అన్నాడు. అప్పుడు ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

ఇంటికి వస్తూనే "కిటుకు దొరికిందే! రాయి కడితే కాయ పెరుగుతుంది!" అని గెంతాడు.

మొదటి రోజు వంకాయలకు రాళ్ళు కట్టాడు. పిందెలన్నీ తొడిమలతో సహా రాలిపడ్డాయి. "రాయి చిన్నదైపోయింది," అనుకున్నాడు మహానుభావుడు.

రెండో రోజు టమాటాలకు ఇంకా పెద్ద రాళ్ళు కట్టాడు. కొమ్మలు పుటుక్కున విరిగి పచ్చికాయలు నేలపాలయ్యాయి.

మూడో రోజు... చెప్పమంటారా పిల్లలూ? చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. కొత్తిమీరకు కట్టాడు! ఒక్కో మొక్కకూ ఒక్కో గులకరాయి, నారతో ముడి వేసి మరీ. సాయంత్రానికి మడి మొత్తం నేలకు ఒరిగిపోయింది.

సరిగ్గా అప్పుడే అత్తగారు దిగింది. పెరడంతా కలియచూసి, "ఈ మొక్కలు నీకేం అపకారం చేశాయి అల్లుడూ?" అంది.

నల్లమ్మ లోపలికి వెళ్ళి మూట కట్టుకోసాగింది. అది చూసి గుబురయ్యకు ఏడుపొచ్చింది. ఒక్క పరుగున కంచె దగ్గరికి వెళ్ళాడు.

"చెల్లెమ్మా! కాయకు రాయి ఎందుకు కడతావు? నాకు తెలియదు, చెప్పమ్మా!" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి అతనికి మూడు రోజులు పట్టింది.

"పొట్లకాయ మెలికలు తిరుగుతుంది అన్నయ్యా. తిన్నగా సాగాలని కడతాం. కాయ పెరిగేది నీళ్ళతో, ఎరువుతో. ఆ రోజే అడిగితే చెప్పేదాన్ని కదా!" అంది పేరిందేవి.

గుబురయ్య ఇంటికొచ్చి, తల దించుకుని, జరిగిందంతా అత్తగారికి చెప్పేశాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. రాలిన పచ్చి టమాటాలు, వంగ పిందెలు ఏరింది. ఒరిగిన కొత్తిమీర కోసింది. అన్నీ కలిపి రోట్లో పచ్చడి నూరింది. నల్లమ్మ రెండుసార్లు వడ్డించుకుని, మూట విప్పేసింది.

"అడగడం వచ్చింది కాబట్టి ఇక తోట పని నేర్పుతాను అల్లుడూ," అంది అత్తగారు. "రెండు రోజులు ఉండి పోదామనుకున్నాను. ఇక వానలు పడేదాకా ఇక్కడే. రేపు తెల్లారకముందే లేచి నీళ్ళు మొయ్యాలి, సరేనా?"

గుబురయ్య దిక్కులు చూశాడు. నల్లమ్మ నవ్వు ఆపుకుంటూ అతని చేతికి కుండ అందించింది.

నీతి: పక్కవాళ్ళను చూసి ఏ పనైనా చేసేముందు, వాళ్ళు అది ఎందుకు చేస్తున్నారో అడగాలి; అడిగితే పరువు పోదు, అడగకపోతే పంట పోతుంది.