వినపడని కూత

కంబగిరయ్య గారిని ప్రశ్న అడగాలంటే శిష్యులకి భయం. ఆయన కోప్పడతారని కాదు, జవాబు చెప్పకుండా పని చెబుతారని. కర్మ అంటే ఏమిటని అడిగినవాడు పాదులు తవ్వాడు. మాయ గురించి అడిగినవాడు పేడ ఎత్తాడు. కొండ కింద ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో వంకాయలు అంత నిగనిగలాడుతున్నాయంటే శిష్యుల సందేహాలే ఎరువని ఊళ్లో చెప్పుకునేవారు. అయినా ఆ సాయంత్రం యల్లమంద వెనకాడలేదు. కోపంతో ఒళ్లు మండుతున్నవాడికి పాదులు తవ్వడం ఒక లెక్కా?

ఆ మంట పెట్టినవాడు శేషావతారం గారు, గనుల శాఖలో అధికారి. కొండ అవతలి గ్రానైటు క్వారీలో తూటా పేలినప్పుడల్లా ఊళ్లో ఇళ్లు అదిరేవి, అటక మీది గిన్నెలు దొర్లేవి. జనం గోల పెడితే ఆయన జీపు దిగేవాడు. బడి అరుగు మీద కుర్చీ వేయించుకుని, చల్లగా కొబ్బరిబోండాం తాగుతూ తూటా కోసం ఎదురుచూసేవాడు. అది పేలేది. చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి. ఆయన మాత్రం బోండాంలోంచి తల ఎత్తి, "ఏదయ్యా, నాకేం వినపడలేదే!" అనేవాడు. అదే రాసుకుని వెళ్లిపోయేవాడు. ఊరు ఆయనకి 'వినపడని దొర' అని పేరు పెట్టి నవ్వుకుంది. పోయిన నెల వంటింటి గోడ కూలి యల్లమంద భార్య ఆదెమ్మ కాలు విరిగింది. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

"ఆ దొర రిటైరయ్యాడు గురువుగారూ," అన్నాడు యల్లమంద. "రిటైరయి వారం తిరక్కముందే అదే క్వారీ కంపెనీలో సలహాదారుగా చేరాడు. రేపు మా ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ. క్వారీని ఇటువైపుకి పెంచుతారట. కంపెనీ తరఫున మాట్లాడేది ఆయనే. ఊరి తరఫున నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడను, చెప్పు తీస్తాను."

"తీస్తే?"

"తీస్తే ఏముంది, నన్ను పోలీసులు ఎత్తుకుపోతారు. క్వారీ మా ఆదెమ్మ మంచం దాకా వస్తుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ ఏం మాట్లాడను? ఎవరిని కదిపినా ఒకటే మాట. రిటైరైన మనిషి ఇంకో ఉద్యోగం చేసుకుంటే నీకేం నొప్పి అంటారు. బస్సు డ్రైవరు కొండారెడ్డి రిటైరయి స్కూలు వ్యాను తోలడం లేదా అంటారు. తోలుతున్నాడు. కొండారెడ్డి మీద నాకు కోపం లేదు, ఈయన మీదే ఉంది. ఎందుకుందో చెప్పమంటే నోట మాట రాదు. మీరు చెప్పండి. తప్పు ఎక్కడుంది?"

శిష్యులందరూ పలుగూ పారా ఉన్న మూలకి చూశారు. కంబగిరయ్య గారు ఆ మూలకి చూడనే లేదు.

"చెడుగుడు ఆడదాం," అన్నారు. "గీత గీయండి."

గీత గీసేలోపు ఆయన మిఠాయి కొట్టు భద్రయ్యని పక్కకి పిలిచి చెవిలో ఏదో ఊదారు. భద్రయ్య బొజ్జ కుదుపుకుంటూ తల ఊపాడు. అతను ఒక జట్టుకి పెద్ద, యల్లమంద రెండో జట్టుకి. అంపైరు ఎప్పుడూ గురువుగారే. వయసు పైబడినా, తోటలో ఉడత నడిచినా పట్టేసే చెవి ఆయనది. కూతకి వెళ్లినవాడు దొంగతనంగా కాస్త ఊపిరి పీల్చినా "తెగింది!" అని చెయ్యెత్తేవారు. ఆ చెయ్యి లేచాక వాదించినవాడు ఇంతవరకు లేడు.

భద్రయ్య "చెడుగుడు చెడుగుడు" అంటూ గీత దాటాడు. నాలుగు అడుగులు వేయగానే ఆయాసం వచ్చి ఆగి, కొలిమితిత్తిలా గాలి లాగాడు. తోట చివర కట్టేసిన గేదె తల తిప్పి చూసింది.

"తెగింది!" అని అరిచాడు యల్లమంద.

గురువుగారు చెయ్యెత్తలేదు. "ఆడండి, ఆడండి."

మళ్లీ వచ్చినప్పుడు భద్రయ్య కూత నడుమ, "ఉండండ్రా, పంచె ఊడుతోంది," అని తీరిగ్గా గోచీ బిగించుకుని, ఆపిన చోటి నుంచి కూత ఎత్తుకున్నాడు. అతన్ని ఒడిసి పట్టుకున్నవాళ్లంతా, అతని చెయ్యి గీతకి తగలగానే ఔటయ్యారు. యల్లమంద గీత మీదికి దూకాడు.

"గురువుగారూ! కూతలో మాట్లాడాడు! పంచె గురించి మాట్లాడాడు!"

"ఎవరు? నాకేం వినపడలేదే!"

ఆ మాట ఎక్కడ విన్నాడో గుర్తు చేసుకునే తీరిక యల్లమందకి లేదు. అతని మనుషులు ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోతున్నారు. సగం ఆట ముగిసేసరికి అతని జట్టు తుడిచిపెట్టుకుపోయింది. మొహం కందగడ్డలా అయింది.

అప్పుడు కంబగిరయ్య గారు కండువా తీసి కంచె మీద పడేశారు. పంచె ఎగగట్టారు. గీత పక్కగా నడుచుకుంటూ వెళ్లి భద్రయ్య జట్టులో నిలబడ్డారు. భద్రయ్య చేతిలో ఆకు పొట్లం ఉంది.

"రండి గురువుగారూ. ఆటకి ముందు అనుకున్నట్టే, మీ వాటా మైసూర్‌పాక్ విడిగా ఉంచాను."

గురువుగారు పొట్లం అందుకుని యల్లమంద వైపు తిరిగారు. "నా అంపైరు పని అయిపోయిందిరా. ఇక ఈ జట్టులో ఆడతాను. ఆడకూడదని నియమం ఉందా?"

యల్లమంద గురువుని గురువు అనుకోవడం కూడా మరిచిపోయాడు.

"మీరెటైనా ఆడండి! మీరు అటు చేరితే నాకేం భయం, ఒక్క పట్టుకి పడిపోతారు! ముందు ఆడిన ఆట మాట చెప్పండి! అది చెల్లదు! ఈ పొట్లం మాట ముందే అనుకుని కూర్చుని, కూత తెగినా తెగలేదన్నారు! అదంతా కొట్టేసి మొదటి నుంచి మళ్లీ..."

నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే కొండ అవతల సాయంకాలపు తూటా పేలింది. వంకాయ మొక్కలు వణికాయి. కంచె మీది కండువా జారి కింద పడింది.

"మా ఊళ్లో ఒక్క కొబ్బరిచెట్టు కూడా లేదు గురువుగారూ," అన్నాడు యల్లమంద, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఆ బోండాలు క్వారీ జీపులో వచ్చేవి. మేమే దించి, మేమే కొట్టి ఇచ్చేవాళ్లం. ఎవరు పంపారని ఒక్కసారైనా అడగలేదు."

అతని కోపం తగ్గలేదు. ఇందాక ఇల్లంతా అంటుకున్నట్టున్న మంట ఇప్పుడు పొయ్యిలోకి వచ్చింది, అంతే.

ప్రతి ఆట చివరా పగలబడి నవ్వే కంబగిరయ్య గారు ఆ సాయంత్రం నవ్వలేదు. పొట్లం విప్పకుండానే యల్లమంద చేతిలో పెట్టారు. "ఆదెమ్మకి ఇవ్వు," అన్నారు.

"మరి రేపు చెప్పు తీయమంటారా, వద్దంటారా?"

"కాళ్లకి వేసుకెళ్లు, ఎండ మండిపోతోంది." ఆయన వంగి కండువా తీసి దుమ్ము దులుపుకున్నారు. "ఆ పెద్దమనిషి ఎప్పుడు రిటైరయ్యాడో అందరికీ తెలుసు. ఆయన చెవి ఎప్పుడు రిటైరయిందో, అది అడుగు."