సరి కర్ర, సరైన కర్ర

అనగనగా ఒక రాజ్యం. దాని పేరు మాత్రం అడక్కండి. చెబితే "మా ఊరినే అంటున్నావు" అని నలుగురు నా మీదికొస్తారు.

ఆ రాజుకు అన్నీ సమానంగా ఉండాలని ఒకటే పిచ్చి. మంచి పిచ్చే, కాదనను. "నా ఏలుబడిలో అందరూ సమానమే" అని దండోరా వేయించి, తన పేరును సమవర్తి అని మార్చుకున్నాడు. సమవర్తి అంటే యముడికి మరో పేరు. ఆ సంగతి చెప్పే ధైర్యం ఆస్థానంలో ఒక్క పండితుడికీ లేకపోయింది.

రాజుగారి కొలువులో కొలతల అధికారి ఒకడున్నాడు. పేరు దండపాణి. పేరుకు తగ్గట్టే చేతిలో ఎప్పుడూ కొలబద్ద. ప్రజలకు చెప్పులు పంచమని రాజుగారంటే, ఈ మహానుభావుడు ఊరందరికీ ఒకే కొలత చెప్పులు కుట్టించాడు. పిల్లల కాళ్లకవి జారిపోయేవి. పెద్దవాళ్ల మడమలు నేలకు రాసుకునేవి. ఎక్కడైనా కాలికి తగ్గ చెప్పు కుడతారు గానీ, చెప్పుకు తగ్గట్టు కాలు కోసుకుంటారా? అడిగినవాడికి కొలబద్దతో ఒక్కటిచ్చేవాడు.

ఏటి ఒడ్డున ఎర్రన్న, పైడమ్మ అని ఆలుమగలు ఉండేవారు. గాలపు కర్రలు కట్టడం వాళ్ల పని. ఎర్రన్న నోట్లో నాలుక లేనివాడు. పైడమ్మ అలా కాదు. అన్యాయం కనబడితే ఆమెకు అన్నం సహించదు.

ఆ ఏడు ఏటి మడుగులోకి పెద్ద వాలుగ చేప ఒకటి వచ్చిపడింది. వేసిన వలను వేసినట్టే చింపేది. పల్లెవాళ్ల పొయ్యిల్లో పిల్లి లేవడం లేదు. రాజుగారికి గాలమంటే సరదా. "ఆ చేపను నా చేత్తోనే పడతాను. మంచి కర్ర ఒకటి సరిగా కట్టి తెమ్మనండి" అన్నాడు.

ఎర్రన్న ఏరికోరి వెదురు తెచ్చాడు. కర్ర మొదట్లో, చేత్తో పట్టుకునే చోట, దారం చుట్టిన కండె బిగించాడు. దారం పోవడానికి కర్ర పొడుగునా ఇత్తడి ఉంగరాలు కట్టాడు. కండె దగ్గరిది పెద్ద ఉంగరం. పైకి పోయేకొద్దీ చిన్నవి. కొన దగ్గరికి వచ్చేసరికి ఒకదాని పక్కన ఒకటి, దగ్గరదగ్గరగా.

రాజుగారి కంటపడకముందే ఆ కర్ర దండపాణి చేతికి చిక్కింది. కొలబద్ద పెట్టి చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఒరే! ఇక్కడ జానెడు దూరం, అక్కడ బెత్తెడు దూరం. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రాజుగారు సరిగా కట్టమన్నారా లేదా?"

"సరిగానే కట్టాను బాబయ్యా" అన్నాడు ఎర్రన్న.

"సరి అంటే సమానం! కొనకు ఇన్ని ఉంగరాలు పెట్టి, మొదలుకు ఎగ్గొడతావా? రాజుగారి ధర్మాన్ని వెక్కిరిస్తావా?"

"కాదు బాబయ్యా, సరి అంటే సరైనదని. సమానంగా కడితే ఈ కర్ర నిలవదు."

అంతే. దండపాణి ఆ కర్రను మోకాలికేసి ఫెళ్లున విరిచాడు. ఎర్రన్నను రాజుగారి ముందుకు ఈడ్చుకుపోయి, "సమానత్వం నిలవదంటున్నాడు ప్రభూ" అని చెప్పాడు. కర్ర మాట నోట్లోనే మింగేశాడు. చూశారా ఆ పాపిష్ఠి నాలుకను! రాజు కూడా ముందూ వెనకా చూడకుండా ఎర్రన్నను చెరలో వేయించాడు.

పైడమ్మ పరుగున కోటకు వచ్చింది. "మారాజా, మా మావ చేసిన తప్పేంటి? ఆయన నిలవదన్నది కర్ర గురించి!"

రాజు అన్నాడు: "సమానంగా కట్టిన కర్ర నిలవదన్నాడా? అయితే నువ్వు సమానంగా కట్టి తీసుకురా. దానితో నేను చేపను పడితే, నీ మొగుడు అబద్ధాలకోరు. దేశం విడిచి పోవాలి. పట్టలేకపోతే అప్పుడు చూద్దాం."

పైడమ్మ ఇల్లు చేరి, పళ్లు కొరుకుతూ, దండపాణి గీసిచ్చిన గీతల మీద ఉంగరాలు కట్టడం మొదలుపెట్టింది. అన్నీ ఒకే కొలత చిన్న ఉంగరాలు. అన్నిటి మధ్యా ఒకే దూరం. పక్కింటి చిట్టెమ్మ వచ్చి చెవిలో ఊదింది.

"వెర్రిదానా, ముళ్లు వదులుగా వెయ్యవే. కర్ర పాడైతే నీ మొగుడు బయటపడతాడు."

"వద్దు వదినా" అంది పైడమ్మ. "దొంగముడి వేసి గెలిస్తే, మావ మాట నిజమని రుజువెలా అవుతుంది? నా చేతి ముడి గట్టిగానే ఉంటుంది. ఓడేది ఆ కొలతే."

మర్నాడు మడుగు దగ్గర ఊరంతా పోగైంది. చెరలో ఉన్న ఎర్రన్ననూ సంకెళ్లతో తెచ్చి నిలబెట్టారు. రాజు గాలం విసిరాడు. కండె నుంచి దారం సుడులు సుడులుగా లేచి, మొదటి చిన్న ఉంగరం దగ్గర చిక్కుపడి కుప్పకూలింది. అదే సమయానికి వాలుగ ఎరను అందుకుని లాగింది. చిక్కుపడిన దారం పుటుక్కున తెగింది.

"దారం నాసిరకం ప్రభూ!" అని అరిచాడు దండపాణి.

రెండోసారి పట్టుదారం తెచ్చి చుట్టారు. ఈసారి రాజు తొందరపడకుండా మెల్లగా విసిరాడు. చేప పడింది. కర్ర వంగింది. కొన దగ్గర ఉన్నవి ఎడమెడంగా ఉన్న ఉంగరాలేనాయె. ఆ ఎడంలో దారం వింటినారిలా బిగిసి నిలబడింది. భారమంతా ఒక్కచోట పడి, కర్ర కొన ఫట్‌మని విరిగింది.

"వెదురు పుచ్చిపోయింది ప్రభూ!" అన్నాడు దండపాణి.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. దారం తప్పయింది, వెదురు తప్పయింది. కొలబద్ద తప్పని మాత్రం ఆయన నోట రాదు. ఇక మిగిలింది ఎవరు? కొలబద్ద పైకెత్తి పైడమ్మ వైపు చూపించాడు.

"ఇదే కుట్ర చేసింది ప్రభూ! మొగుడి కోసం ముళ్లు వదులుగా వేసింది!"

పైడమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. విరిగిన కర్రను తీసుకుని తిన్నగా రాజు ముందుకు నడిచింది.

"లాగి చూడండి మారాజా. ఒక్క ముడి ఊడితే నన్నూ చెరలో వెయ్యండి."

రాజు లాగాడు. గోరు పెట్టి గీకాడు. ఒక్క ముడీ కదల్లేదు. ఆయన దండపాణి వైపు చూశాడు. దండపాణి కొలబద్దను దించి వెనక దాచుకున్నాడు.

పైడమ్మ వెంట తెచ్చిన కొత్త వెదురుకు కండె బిగించి రాజు చేతికిచ్చింది. పెద్దవీ చిన్నవీ ఉంగరాలను కట్టలేదు, మైనంతో అంటించింది అంతే. దారం కొసను తన గుప్పిట్లో చుట్టుకుని దూరంగా నిలబడి, మైనం ఊడకుండా మెల్లగా లాగింది. కర్ర విల్లులా వంగింది.

"నిలబెట్టి కొలిచారు మారాజా. ఒక్కసారైనా వంచి చూశారా? మీ చేతి దగ్గర కర్ర వంగలేదు, అక్కడ రెండు చాలు. కొన దగ్గర చూడండి, ఎంత కష్టపడుతోందో! ఆసరా ఎవరికి కావాలి?"

ఆమె చెబుతుంటే రాజే ఒంటిచేత్తో మైనం ఉంగరాలను కదిలించాడు. ఇటు కొంచెం, అటు కొంచెం. దారం కర్ర వంపు వెంబడే నడిచేదాకా జరిపాడు. కండె దగ్గర పెద్ద ఉంగరం పెట్టాక దారం సుడులన్నీ అందులోకి బుద్ధిగా ఒదిగాయి. ఆ గుర్తుల మీదే పైడమ్మ నూలుతో బిగించి కట్టింది. అచ్చం ఎర్రన్న కట్టినట్టే వచ్చింది.

మూడోసారి గాలం పడింది. వాలుగ గుంజింది. కర్ర వంగింది, ఇంకా వంగింది, విరగలేదు. చాలాసేపు పెనుగులాడి, ఆ రాకాసి చేప గట్టున పడి తోక కొట్టుకుంది. పల్లెవాళ్ల కేకలతో ఏరు హోరెత్తింది.

రాజు చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "భేష్ పైడమ్మా! ఏం కావాలో కోరుకో. నీ మొగుడిని ఇప్పుడే విడిపిస్తున్నాను."

పైడమ్మ నవ్వలేదు.

"విడిపించక ఏం చేస్తారు? తప్పు చేయనివాడిని వదలడం కూడా బహుమానమేనా? ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మీ కొలత కర్రకు దారం తెగితే, దారం మార్చి మళ్లీ విసిరారు. కర్రే విరిగినా తప్పు వెదురుదన్నారు, నా ముడిదన్నారు, కొలతదనలేదు. మా మావ కట్టిన కర్రను ఒక్కసారి నీళ్లలో వేశారా? ఒక్కసారి వంచి చూశారా? చూడకుండానే విరిచారు, వినకుండానే చెరలో వేశారు. అందరూ సమానమే అన్నారు కదా మారాజా, ఇందులో సమానం ఎక్కడుంది?"

రాజు కర్ర కింద పెట్టి, ఎర్రన్న దగ్గరకు తానే నడిచివెళ్లి, సంకెళ్లు తన చేత్తోనే విప్పాడు. "నా తప్పే ఎర్రన్నా" అన్నాడు. ఆ రోజే ఒక పండితుడు కాస్త గుండె కూడగట్టుకుని సమవర్తి అంటే ఎవరో రాజు చెవిన వేశాడు. రాజు ఆ పేరు వదిలేశాడు.

మరి దండపాణి సంగతేమిటంటారా? పదవి ఊడిపోలేదు లెండి. అలాంటివాళ్ల పదవులు అంత తేలిగ్గా ఊడవు. కానీ రాజు ఒక పని పురమాయించాడు. ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్కరి కాలూ విడిగా కొలిచి, ఎవరి చెప్పులు వాళ్లకు కుట్టించాలి. పసిపిల్లాడి కాలైనా, పల్లె ముసలమ్మ కాలైనా, నేల మీద కూర్చుని వంగి కొలవాలి.

మొదటి ఇల్లు పైడమ్మది. దండపాణి నడుం పట్టుకుని మూలుగుతూ వంగాడు. పైడమ్మ పాదం ముందుకు చాపింది.

"సరిగా కొలవండి బాబయ్యా" అంది.

సరి అంటే సమానమని ఆయన మళ్లీ అనలేదు.

విన్నారుగా పిల్లలూ: సమానంగా పంచినంత మాత్రాన న్యాయం కాదు, భారం ఎక్కడ పడుతుందో వంగి చూసి, అక్కడ ఆసరా ఇవ్వడమే న్యాయం.