వెనక నిలబడే మనిషి

కామా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఇగ్నాత్ మాస్టారు బ్యాలే నేర్పేవాడు. ఒకనాడు ఆయన శిష్యుడు రొదియోన్ సాధన మధ్యలో ఆగిపోయాడు.

"నేనిక చెయ్యను మాస్టారూ."

"ఏమైంది?"

"ఎనిమిదేళ్లు గాల్లోకి ఎగరడం నేర్చుకున్నాను. తీరా ఇక్కడ నా పనేమిటి? నాకు జంటగా ఆడే వెరాను ఎత్తడం, దించడం. చప్పట్లన్నీ ఆమెకే. నిన్న ఆట చూసి మా అమ్మ కూడా, 'ఆ పిల్ల ఎంత బాగా చేసిందిరా' అంది."

మాస్టారు కోప్పడలేదు. "రేపు పొద్దున్నే రా" అన్నాడు.

మర్నాడు హాల్లో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పేరు లిడియా. ఒకప్పుడు మాస్టారికి జంటగా పద్దెనిమిదేళ్లు ఆడింది. ఇప్పుడు చూపు దాదాపుగా పోయింది. చేతికర్ర లేనిదే నడవలేదు.

మాస్టారు పాత రికార్డు ఒకటి పెట్టాడు. నాలుగు స్వరాలు వినగానే ఆవిడ ముఖం వెలిగింది.

"కజాన్‌లో ఆడాం కదూ ఇది! హాలంతా చలి. నోరు తెరిస్తే ఆవిరి. నా కాలిజోడు రిబ్బను ఊడిపోయింది."

"రెండో అంకంలో. నువ్వు ఆగలేదు. లే, లిడా."

ఆవిడ కర్రను గోడకు ఆనించి లేచింది. మాస్టారు వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు. ముట్టుకోలేదు, మాట్లాడలేదు.

లిడియా నాలుగడుగులు వేసింది. చేతులు పైకెత్తింది. వంగిన మెడ నిటారుగా లేచింది. ఒక్క క్షణం ఆమెకు ముప్ఫై ఏళ్లే. మరుక్షణం కళ్లు మూసుకుని వెనక్కి వాలిపోయింది.

రొదియోన్ ముందుకు ఉరికాడు.

అప్పటికే మాస్టారి చెయ్యి ఆమె నడుం కింద ఉంది. ఆయన మోకాళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకు చేతిదాకా రాలేదు.

"నీ చేతులు సన్నబడ్డాయి ఇగ్నాత్" అంది ఆవిడ, అలా వాలే ఉండి.

"నువ్వు మాత్రం ఏమీ తగ్గలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. రికార్డు అయిపోయి గరగరలాడుతున్నా చాలాసేపటిదాకా ఎవరూ దాన్ని ఆపలేదు.

ఆమెను కూర్చోబెట్టాక రొదియోన్ మెల్లగా అడిగాడు. "మీకు భయం వెయ్యలేదా అమ్మా?"

"దేనికి?" అందావిడ. ఆ ప్రశ్న ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

రొదియోన్ మాస్టారి దగ్గరికి వెళ్లాడు.

"ఆ పట్టు నాకు నేర్పండి."

"పట్టుకోవడం తరవాత. మొదట వెనక నిలబడటం నేర్చుకో."