దగ్గుకు బదులు దగ్గు

ఇసిలుడికి ఆ ముసలాయన మీద మూడు రోజులుగా అనుమానం.

ఎప్పటి మాటో ఇది. కృష్ణ ఒడ్డున కొండ మీద ఒక బౌద్ధ విహారం. వానలు పట్టుకున్నాయి, నలభై మంది భిక్షువులు ఎటూ కదలకుండా అక్కడే ఉన్నారు. ఇసిలుడు ముప్పై రెండేళ్లవాడు. సన్యాసం పుచ్చుకుని పన్నెండు వానాకాలాలైంది. ఎవరెక్కడ కూర్చోవాలి, ఎవరికి ముందు వడ్డించాలి, అన్నీ అతనే చూసేవాడు.

ముసలాయన పేరు మూలసిరి. డెబ్బై ఏళ్లదాకా కుండలు చేసి, పోయినేడే కాషాయం కట్టుకున్నాడు.

ఇసిలుడు వెళ్లి గురువుగారు ఉత్తరుడి ముందు కూర్చున్నాడు.

"భంతే," అన్నాడు. మనం అయ్యగారూ అంటామే, అలాగన్నమాట. "మూలసిరి మూడు రోజులుగా గంజి ముట్టడం లేదు. గిన్నె బోర్లించి దణ్ణం పెట్టేస్తున్నాడు. ఉపవాసమా అంటే కాదంటాడు. నిన్నగాక మొన్న వచ్చాడు, మనకంటే గట్టివాణ్ణని చూపించుకోడానికి కాదు గదా?"

"తిండి లేకుండా నువ్వెన్నాళ్లుంటావు?"

"రెండు రోజులు. మహా అయితే రెండున్నర."

గురువు నవ్వాడు. "రేపు తెల్లారి మరుగుదొడ్డి దగ్గరికి రా. చూద్దాం."

మరుగుదొడ్డంటే ఏ చెట్టుచాటో అనుకునేరు! చుట్టూ రాతిగోడ, కాళ్లు పెట్టుకోడానికి రెండు పలకలు, కింద మట్టి ఒరలు దింపిన గొయ్యి, పక్కన కుండెడు నీళ్లు. ఆ రోజుల్లోనే ఎంత పకడ్బందీగా కట్టారో చూడండి. తలుపు తట్టడం లేదు. బయటివాడు దగ్గాలి. లోపల మనిషుంటే వాడూ దగ్గాలి. దగ్గుకు బదులు దగ్గు రాకపోతే ఖాళీ ఉన్నట్టు.

అలాంటివి రెండుండేవి. ఆ ఏడు వానకి ఒకటి కూలిపోయింది. పొద్దున్నే తోపులాటలు మొదలయ్యాయి. దాంతో ఇసిలుడు, అన్నానికి ఏ వరుసో దీనికీ అదే వరుస అని తీర్మానించాడు. అంటే పెద్దలు ముందు. భిక్షువుల్లో పెద్దరికం వయసుతో రాదు. సన్యాసంలో ఎన్ని వానాకాలాలు గడిపితే అంత పెద్ద. గొడవలు ఆగిపోయాయి. ఇసిలుడికి లోలోపల సంతోషంగానే ఉండేది.

మర్నాడు తెల్లారేసరికి పది మంది నిలబడి ఉన్నారు. అందరికంటే చివర మూలసిరి, గోడకానుకుని. ఇసిలుడు వచ్చి అలవాటుగా ఎనిమిది మందిని దాటి మూడోవాడుగా నిలబడ్డాడు. వాళ్లు తలలు వంచి జరిగారు.

అంతలో గురువుగారొచ్చారు. ఆయనవి నలభై వానాకాలాలు. అందరూ పక్కకి తప్పుకున్నారు.

గురువు ఎవర్నీ దాటలేదు. నేరుగా వెళ్లి మూలసిరి వెనకాల నిలబడ్డాడు.

లోపలివాడు బయటికొచ్చాడు. మరుగుదొడ్డి ఖాళీ. కానీ ఎవరు వెళ్తారు? అంతటివాడు వెనకాల నిలబడి ఉండగా ముందు అడుగెయ్యడం తప్పు గదా.

"దయచెయ్యండి భంతే," అన్నాడు ఇసిలుడు.

"నేను మూలసిరి తర్వాత వచ్చాను."

"అతనికి ఒక్కటే వానాకాలం భంతే."

"ఏమో. నేను ఆయన తర్వాతే వచ్చాను. నువ్వెప్పుడొచ్చావయ్యా మూలసిరీ?"

"వేగుచుక్క పొడిచినప్పుడు, సామీ," అన్నాడు ముసలాయన నేలకేసి చూస్తూ.

"నిన్న?"

"నిన్నా అంతే. మొన్నా అంతే."

చూరు మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆ చప్పుడు వింటుంటే ఇసిలుడికి మరీ కష్టంగా ఉంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. పొత్తికడుపు పట్టుకున్నాడు. నుదుట చెమట పట్టింది.

"భంతే, ఎంతసేపిలా? నా వల్ల కావడం లేదు."

"దానికేముంది ఇసిలా," అన్నాడు గురువు మెల్లిగా. "మూడు రోజులు గంజి మానెయ్యి."

ఇసిలుడు ముసలాయన వైపు చూశాడు. ఆయన ఎండిన పెదాలు చూశాడు. గిన్నె బోర్లించిన ఆ చేతులు చూశాడు.

వరుస వదిలి వచ్చి, నీళ్లచెంబు అందుకుని, మూలసిరి చెయ్యి పట్టుకుని తలుపుదాకా నడిపించాడు. "రండి," అన్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన్ని 'మీరు' అని ఎరగడు. తర్వాత తిరిగొచ్చి గురువు వెనకాల నిలబడ్డాడు, ఎలా ఓర్చుకున్నాడో గానీ!

ఆ మధ్యాహ్నం మూలసిరి రెండోసారి కూడా గంజి పోయించుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇసిలుడు పరుగున వచ్చి మరుగుదొడ్డి ముందాగి దగ్గాడు. లోపలి నుంచి ముసలి దగ్గొకటి, ఏ తొందరా లేకుండా, బదులొచ్చింది.

ఇసిలుడు రెండడుగులు వెనక్కి జరిగి, వానలో నిలబడ్డాడు.